ఉగ్గాని వాసన వచ్చిందా?

మొదటే చెప్పేస్తాను, నాకు వంట రాదు. మూడేండ్లుగా మా ఇంట్లో పొద్దుటి టిఫిను నువ్వే కదా చేసేది అని ఎవరైనా అంటే, మా వీధికి నీళ్ళు వదిలే మనిషి కూడా మూడేండ్లుగా రోజూ వస్తూనే ఉన్నాడు, నీళ్ళు వస్తున్నాయా? నేను ముప్పై రెండేండ్లు గూడ్సు బండికి గార్డుగా పనిచేశాను. గుత్తి జంక్షన్‌లో రన్నింగ్ రూము వంటమనిషి ఏది పెడితే అది తిని, బండి తోకలో కూర్చుని, వెనక్కి పోయే ఊళ్ళను చూస్తూ బతికినవాణ్ణి. జెండా ఊపడం వచ్చు. గరిటె తిప్పడం ఆ ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు.

మా ఆవిడ కంబదూరు దగ్గర ఒక సర్కారు బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. రిటైరైంది బడి నుంచే, ఆ గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. నన్ను "ఏమప్పా" అని పిలుస్తుంది. పెళ్ళైన కొత్తలో మా అమ్మకు అది నచ్చక, "మొగుణ్ణి పట్టుకోని అప్పా గిప్పా అంటావేమే?" అని అడిగితే, "మరేమని పిలవాలత్తా, సారూ అనాలనా?" అందట. ఆ తర్వాత మా అమ్మ ఆ ఊసెత్తలేదు.

ఆమె ముక్కు మా రెండు వైపులా చుట్టాల్లో పేరుమోసిన ముక్కు. బడిలో మధ్యాహ్న భోజనం సాంబారు పులిసిందో లేదో గుండిగ మూత తీయకముందే వరండాలో నిలబడి చెప్పేదట. నేను రెండు రోజులు డ్యూటీ చేసి ఇల్లు చేరితే, గేటు తీస్తూ తీస్తూనే, "ఈ పొద్దు గుంతకల్లులో బిర్యానీ తిన్నావు, అదీ చారు పోసుకోని" అనేది. అబద్ధమాడే అవకాశమే లేని కాపురం మాది. తొందరలో కొట్లో ఏది కొన్నా, ఆమె ముక్కు దగ్గర పాసైతేనే లోపలికి వచ్చేది. చెనిక్కాయల నూనె టిన్ను తెస్తే మూత తీసి ఒక్కసారి పీల్చి, "పోయిన ఏటి కాయ, ఇచ్చేసి రాపో" అనేది. కొట్టువాడు నన్ను చూస్తేనే దండం పెట్టేవాడు.

ఆ ముక్కు కరోనాలో పోయింది. ఇద్దరికీ వచ్చింది జబ్బు. నాది పది రోజుల దగ్గు, అంతే. ఆమెది నెల రోజులు మంచం. మంచం దిగి మొదటిసారి కాఫీ తాగి, గ్లాసులోకి చూసి, "ఇది వేన్నీళ్ళా?" అంది. నేను నవ్వాను. నవ్వకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత ఒకరోజు ఆమె పొయ్యి మీద పప్పు పెట్టి, పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చుంది. అది అడుగంటి, మాడి, పొగలొచ్చి, వీధిలో వాళ్ళు తలుపు కొట్టినప్పుడు గానీ ఆమె తలెత్తలేదు. ఆ సాయంత్రం వంటింటి తలుపు దగ్గరికేసి, "నా వల్ల కాదప్పా. కండ్లు లేనోణ్ణి బండి తోలమంటే ఎట్ల?" అంది. అట్లా వంటిల్లు నా చేతికొచ్చింది. మధ్యాహ్నం, రాత్రి వంటకు ఒక మనిషిని పెట్టుకున్నాం. పొద్దున్న ఆరింటికి ఎవరూ రారు గనక టిఫిను నాది.

డాక్టరు, "కొందరికి తిరిగి వస్తుంది, రోజూ నాలుగు రకాల వాసనలు చూపిస్తూ ఉండండి" అన్నాడు. ఆయన నాలుగన్నాడు. ఆత్రగానికి బుద్ధి మట్టు కదా, నేను నలభై చూపించాను. కర్పూరం, ఇంగువ, కాఫీ పొడి, కిరసనాయిలు, లవంగాలు, జిల్లేడు ఆకు, సైకిలు చైనుకు వేసే నూనె, ఏది దొరికితే అది పట్టుకుపోయి ఆమె ముక్కు కింద పెట్టేవాణ్ణి. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న, "వచ్చిందా?" ఆమె కండ్లు మూసుకుని గట్టిగా పీల్చి, తల అడ్డంగా ఊపేది. ఒకరోజు విసుగొచ్చి, "నీ చెప్పులు గూడా తెచ్చి పెట్టు, అదొక్కటే మిగిలుండాది" అంది. నిజం చెప్పాలంటే అప్పటికే ఆలోచించాను దాని గురించి.

జూన్‌లో మాత్రం ఆమె పోయిన వాసన గురించి తనంత తానే మాట్లాడింది. మా వీధి పిల్లలు కొత్త పుస్తకాల సంచులతో బడికి పోతుంటే చూస్తూ, "కొత్త పుస్తకాల కట్ట విప్పేటప్పుడు వచ్చే వాసన కోసరమే జూన్ ఎప్పుడొస్తాదా అని చూసేదాన్ని. ఎవురికీ చెప్పలేదు" అని లోపలికి పోయింది. ఆ రోజే అనుకున్నాను, ఈ ముక్కును తిరిగి తెచ్చేది నేనే, నా పొయ్యి మీది నుంచే అని.

మా అనంతపురంలో పొద్దుటి టిఫిను అంటే ఉగ్గాని. బొరుగులు, కొన్ని ఊళ్ళలో మరమరాలంటారే, అవి నీళ్ళలో వేసి, నాని నానకముందే తీసి పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లడం. పక్కన మిరపకాయ బజ్జీలు. వినడానికి ఇంతే. ఆ నీళ్ళలో ఎంతసేపు ఉంచాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మా ఆవిడను అడిగితే, "చేతికి తెలుస్తాది" అంది. నా చేతికి తెలియలేదు. మొదటిరోజు చేసినదాన్ని సైకిల్ షాపు భాయికి పెడితే, గరిటెతో ఎత్తి చూసి, "అన్నా, ఇది ఉగ్గాని కాదు. పంక్చరుకు పూసే సొల్యూషను" అన్నాడు.

భాయి గురించి చెప్పాలి. మా వీధి చివర ఆయన సైకిల్ షాపు. కరోనాలో మేమిద్దరం లోపల పడి ఉంటే, రోజూ గేటుకు పాలూ కూరగాయలూ తగిలించి, సైకిలు బెల్లు మోగించి పోయింది ఆయనే. మేం కోలుకున్నాక ఆయనకొక పిచ్చి అంటించాం, లేదా ఆయన మాకు అంటించాడు, ఇప్పుడు ఎవరిదని తేల్చలేం. ఆ జూలైలో టీవీ తిప్పుతుంటే ఫ్రాన్సులో జరిగే మూడు వారాల సైకిలు పందెం కనబడింది. నేను ఛానలు మార్చబోతే, కిటికీ అవతల నిలబడిన భాయి, "ఉండన్నా, ఉండు! ఆ గేర్లు చూడు!" అని అరిచాడు. అంతే. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. అరవై దాటిన నేను, యాభై ఐదేండ్ల భాయి, సైకిలంటే గిట్టని మా ఆవిడ, ముగ్గురం మూడేండ్లుగా జూలై అంతా ఆ పందెంలోనే బతుకుతున్నాం.

పందెం మనకు సాయంత్రం పూట వస్తుంది. ఆ సమయానికి భాయి షాపులో రద్దీ. అందుకని ముందురోజు పందేన్ని మరుసటి పొద్దున్న ఏడింటికి మా ఇంట్లో, ఉగ్గానితో పాటు, చూడడం అని ఒక కట్టుబాటు చేసుకున్నాం. దానికొక చట్టం కూడా ఉంది. ఎవడు గెలిచాడో ముందే తెలుసుకున్నవాడికి బజ్జీ లేదు. రాగానే ఫోన్లు మూడూ బొరుగుల డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఒకసారి భాయి ఫోను బొరుగుల్లోనే మోగుతుంటే, అటువైపు ఆయన భార్య. పందెం ఫలితం చెప్పేస్తుందేమోనని ఆయన ఎత్తలేదు. ఆమెకు పందెమంటే ఏమిటో తెలియదు. ఆ రోజు భాయికి ఇంట్లో మధ్యాహ్నం అన్నం దొరికిందో లేదో నేను అడగలేదు.

ముగ్గురికీ తలా ఒక వాటం. భాయికి మెకానిక్కుల మీద కండ్లు. "ఇన్ని కార్లు, ఇన్ని చక్రాలు ఎనకంబడి వస్తాంటే ఎవురు తొక్కరన్నా? మన కంబదూరు రోడ్డులో తుమ్మముండ్ల మింద తొక్కమను, సూస్తాం" అంటాడు. నాకు ఆ జట్లలో నీళ్ళసీసాలు మోసేవాళ్ళంటే ఇష్టం. వాళ్ళు గెలవరు. కారు దగ్గరికి వెనక్కి వచ్చి, చొక్కాలో ఎనిమిది సీసాలు దోపుకుని, మళ్ళీ గుంపును అందుకుని, జట్టు పెద్దకు నీళ్ళందిస్తారు. "నేను ఈ ఇంట్లో అదే పని చేస్తున్నాను" అని ఒకసారి గొప్పగా అన్నాను. మా ఆవిడ టీవీ సౌండు పెంచింది. ఆమెకు కొండలెక్కే రోజులంటే ఇష్టం. ఎక్కేవాడు నోరు తెరిచి, చొంగ కారుస్తూ, చచ్చీ చెడీ ఎక్కుతుంటే, మోటారు సైకిలు మీద ఒకడు కెమెరా పట్టుకుని వాడి ముఖంలోకి వస్తాడు చూడండి, వాడంటే ఆమెకు ఒళ్ళుమంట. "రేయ్, పక్కకు పోరా! వాణ్ణి ఎక్కనీ! ఆ మొగంలో మొగం పెట్టి ఏం సూస్తావు?" అని టీవీని తిట్టేది. భాయీ నేనూ నవ్వేవాళ్ళం.

నేను పందేన్ని సగమే చూసేవాణ్ణి. మిగతా సగం ఆమె ముఖం చూసేవాణ్ణి. ఆమె చేయి పళ్ళెంలోకి పోగానే నా మెడ అటు తిరిగేది. ఆ రోజు కొత్తిమీర ఎక్కువ వేసి ఉంటాను, లేదా కరివేపాకు నలిపి వేసి ఉంటాను, లేదా ఎక్కడో చదివి నిమ్మచెక్క తోలు తురిమి ఉంటాను. "వచ్చిందా?" అనేవాణ్ణి. ఆమె నమిలి, మింగి, "లేదు" అనేది. లేదు, ఇంకా లేదు, కొంచెం గూడా లేదు. మూడేండ్లు.

ఇక వైను. మేము క్రైస్తవులం. మా అత్తగారింట్లో క్రిస్మస్‌కు నల్లద్రాక్ష వైను ఇంట్లోనే చేసేవాళ్ళు. ద్రాక్షలు పిసికి, చక్కెర, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి జాడీకి గుడ్డ కట్టి పెట్టడం. ఆ జాడీ మా ఆవిడతో పాటు మా ఇంటికి వచ్చింది. రోజూ గుడ్డ తీసి చెక్క గరిటెతో తిప్పి, వంగి వాసన చూసి, "ఈ పొద్దు తిప్పింది చాలు" అనో, "ఇంకో వారం" అనో చెప్పేది ఆమె. కొలత లేదు, లెక్క లేదు, అంతా ముక్కే. ఆ ముక్కు పోయాక జాడీ అటక ఎక్కింది. ఈ ఎండాకాలం నేను దాన్ని దించాను. పందెం చివరి రోజు ఆ సైకిలోళ్ళు తొక్కుతూ తొక్కుతూనే గ్లాసులు పట్టుకుని వైను తాగుతారు, గెలిచినవాడు జట్టువాళ్ళకు గ్లాసు తగిలిస్తాడు. మనమూ ఆ పొద్దున్న తాగుదామన్నాను. "టిఫినుతో వైనా? పాస్టరుకు తెలిస్తే?" అంది ఆమె. "ఉగ్గానిలో పడితే అది టిఫినే" అన్నాను. భాయి చెవులు రెండూ మూసుకుని, "నాకు వాసన గూడా సూపించొద్దన్నా, పాపం తగులుతాది" అన్నాడు.

వైను తిప్పడం నాకు నాలుగు రోజులకే విసుగొచ్చింది. ఐదోరోజు నుంచి జాడీ ఖర్మ జాడీది. నెల దాటాక వడగట్టి రెండు సీసాల్లో పోసి, బిరడాల మీద మైనం కరిగించి పోసి, మంచం కింద దాచాను. వడగట్టేటప్పుడు ఏదో కొంచెం వాసన వేసిన మాట నిజమే. కొత్త వైను అట్లనే ఉంటుందేమో అనుకున్నాను. చెప్పాను కదా, మా ఇంట్లో ముక్కు నాది కాదు.

పందెం రెండోవారంలో అద్భుతం జరిగింది. ఊరిబిండి చేద్దామని, అదే, చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ కలిపి నూరే పచ్చడి, మిరపకాయలు బాణలిలో వేయించాను. మంట ఎక్కువైంది. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. హాల్లో కూర్చున్న మా ఆవిడ దగ్గింది. ఒకసారి కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కండ్లమ్మట నీళ్ళు కారేలా. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గరిటె చేతిలోనే ఉంది, పరిగెత్తాను.

"వచ్చిందా?"

ఆమె కొంగు తీసి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "వచ్చింది" అంది.

"నిజంగానా? మిరపకాయ వాసనేనా?"

"ఊ. వచ్చింది."

నేను ఏడ్చాను. మిరపకాయల పొగకే అనుకోండి, నాకేం. ఆ రోజు వీధిలో పదిళ్ళకు బజ్జీలు పంచాను. మా ఆవిడ చెల్లెలికి ఫోను చేశాను. నాకు ఫోను చేసి విసిగించే బ్యాంకువాళ్ళకు కూడా చెప్పాను. అక్కడితో ఊరుకున్నానా, ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేవేళ లేచి నిలబడ్డాను. మా సంఘంలో ఎవరికి మేలు జరిగినా లేచి అందరి ముందూ చెప్పాలి. నేను మామూలుగా లేవను, ప్రమోషను వచ్చినప్పుడు కూడా లేవలేదు. ఆ రోజు మైకు పట్టుకుని, బొరుగులు నానబెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి పావుగంట చెప్పాను. "మూడేండ్లు మూసుకున్న ముక్కును దేవుడు నా బాణలి ద్వారా తెరిచినాడు" అన్నాను. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అని చప్పట్లు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో మా ఆవిడ తల దించుకుని కూర్చుని ఉంది. ఆనందం పట్టలేక అనుకున్నాను. ఎంత గాడిదను!

ఆమె వచ్చిందన్న పొద్దు నుంచి పది రోజులు నా జీవితంలో బంగారు రోజులు. ఆమె పళ్ళెంలోకి ఒకసారి చూసి, ముద్ద తీసుకుని, "కొత్తిమీర బాగుండాది" అనేది. "పుట్నాల పొడి కమ్మగా ఏగింది" అనేది. నేను భాయి వైపు చూసి కాలరెత్తేవాణ్ణి. భాయి తలూపి బజ్జీ కొరికేవాడు.

పందెం ఆదివారం ముగిసింది. సోమవారం పొద్దున్న మా ఇంట్లో చివరి రోజు. ఆషాఢం గాలి రోజుల్లో ఇంట్లోకి ఎంత మట్టి వస్తుందో తెలుసు కదా, కిటికీలు మూసేశాను. ఉగ్గాని అయింది. బజ్జీలు మంట ఎక్కువై కొంచెం నల్లబడ్డాయి, వాటి ఘాటుకు నా ముక్కు దిబ్బడేసి ధారగా కారుతోంది. తువ్వాలుతో తుడుచుకుంటూనే సీసా తెచ్చి మైనం గీకి బిరడా తీశాను. టీవీలో పసుపు చొక్కావాడు, అంటే మూడు వారాల లెక్కలో అందరికన్నా ముందున్నవాడు, సైకిలు మీదే గ్లాసెత్తాడు. "ఇప్పుడు!" అని స్టీలు గ్లాసులో పోసి మొదట ఆమెకు అందించాను. ఆమె గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. కండ్లు మూసింది. నిండా పీల్చింది.

"ఆహా" అంది. "ద్రాక్షపండ్ల వాసన. లవంగం గూడా తెలుస్తాండాది. మా అమ్మ చేసినట్లే ఉండాదప్పా." సగం గ్లాసు తాగేసింది.

నా ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలుసు. అప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న భాయి అటూ ఇటూ చూశాడు. కుర్చీ కింద చూశాడు. చెప్పులు ఎత్తి చూసుకున్నాడు. జేబురుమాలు తీసి ముక్కుకు గట్టిగా పట్టుకుని, "అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఈడ ఏదో సచ్చిండాదన్నా" అన్నాడు.

"యాడ?"

"ఆ సీసాలోనే, అన్నా."

నేను సీసాకు ముక్కు ఆనించాను. దిబ్బడేసిన ముక్కులోకి కూడా దూరింది. కుళ్ళిన కోడిగుడ్లు. ఒకటి కాదు, బుట్టెడు. ఎండలో మూడు రోజులు నిలబెట్టిన పశువుల వ్యాగను వెనక కూర్చుని ప్రయాణం చేసినవాణ్ణి నేను, అట్లాంటివాణ్ణి గబగబా బిరడా బిగించాను. ఆమె మిగతా సగం గ్లాసు పట్టుకుని మాకేసి చూస్తోంది. ఏం జరిగిందో ఆమెకు మా ముఖాలు చూసే తెలిసింది.

భాయి లేచాడు. "షాపు తెరవాలన్నా" అని, రెండు బజ్జీలు పేపర్లో చుట్టుకుని, జేబురుమాలు తీయకుండానే వెళ్ళిపోయాడు. ఆయన ఫోను బొరుగుల డబ్బాలోనే ఉండిపోయింది.

నాకు కోపం ముందు, బుద్ధి వెనక. "సంఘం ముందర నన్ను అబద్ధాలకోరును చేసినావు కదే! పావుగంట సాక్ష్యం చెప్పినానే!" అని అరిచాను.

"చెప్పమని నేనన్నానా?" హెడ్‌మిస్ట్రెస్ గొంతు లేచింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మైకు పట్టుకున్నది ఎవురు? ఘాటు వేరు, వాసన వేరప్పా. ఎర్రగడ్డ కోస్తే కండ్లల్లో నీళ్ళొస్తాయి, అంటే కండ్లకు వాసన వచ్చినట్లా? మిరపకాయ పొగకు గోడమింద పిల్లి గూడా దగ్గింది ఆ పొద్దు. దానికి గూడా సాక్ష్యం చెప్పకపోయినావా?"

"మరి వచ్చిందని ఏంటికి అన్నావు?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. గొంతు దిగిపోయింది. "మూడేండ్లాయప్పా. ముద్ద నోట్లో పెట్టుకునేలోగా నీ కండ్లు నా ముక్కు మింద. నమిలితే సూస్తావు, మింగితే సూస్తావు. లేదంటే నీ మొగం వాడిపోతాది. పోయింది నా ముక్కు. దానికి నేను ఏడ్చేకి గూడా సందు లేదు, నిన్ను ఓదార్చేకే సరిపోతాండాది. నీళ్ళు మోసేవాణ్ణని చెప్పుకుంటివే, నువ్వు నీళ్ళు మోసేవాడివి కాదు. ఆ మోటారు సైకిలోడివి. నేను ఎక్కలేక సస్తాంటే కెమెరా తెచ్చి మొగంలో పెట్టేవాడివి. ఆ పొద్దు దగ్గొచ్చింది, నువ్వు గరిటె పట్టుకోని నవ్వుకుంటా వచ్చినావు. ఒక పది దినాలన్నా నెమ్మదిగా తిందామని, వచ్చిందనేసినా."

టీవీలో ఎవడో ఆ చివరి రోజు పందెం గెలిచి చేతులు పైకెత్తాడు. ఎవడో ఇప్పటికీ నాకు తెలియదు. సీసాలు రెండూ పెరట్లో కానుగ చెట్టు కింద పారబోశాను. ఆ మధ్యాహ్నం పాస్టరు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పి, సాక్ష్యం వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. ఆయన కొంచెం ఆలోచించి, "విశ్వాసంతో ముందుగానే చెప్పినారనుకుందాం లెండి" అన్నాడు. వైను మాట మాత్రం ఆయనకు చెప్పలేదు.

రోజంతా ఆమె మాటలే చెవుల్లో తిరిగాయి. నేను చేసిందంతా ప్రేమతోనే, కాదనను. ఆ ప్రేమ ఆమె గొంతు దగ్గర కూర్చుని ముద్దలు లెక్కపెట్టిందని మాత్రం ఎన్నడూ తట్టలేదు. సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఇంకో నాలుగేండ్లు నేను ఇట్లాగే చేసి ఉంటే ఆమె అబద్ధం చెబుతూనే తినేది.

మంగళవారం పొద్దున్న పందెం లేదు, భాయి లేడు, టీవీ లేదు. ఉగ్గాని చేశాను. కొత్తిమీర దట్టంగా వేయలేదు, నిమ్మతోలు తురమలేదు. పళ్ళెం ఆమె ముందు పెట్టి, కుర్చీ తిప్పుకుని, గోడకేసి కూర్చున్నాను. గోడ మీద చర్చి క్యాలెండరు. ఆ నెల వాక్యం పదకొండుసార్లు చదివాను. మెడ నరాలు లాగుతున్నాయి. వెనక పళ్ళెం చప్పుడు, గాజుల చప్పుడు, నమిలే చప్పుడు. తిరగలేదు.

"ఏమప్పా" అంది.

"ఊ."

"ఇట్ల తిరుగు. నన్ను సూడొద్దంటి గానీ గోడకు మొగం పెట్టి కూచోమంటినా? బడిలో లెక్క తప్పినోనికి శిక్ష వేసినట్లుండాది. నీ పళ్ళెం తెచ్చుకోని గమ్మున తిను."

పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. కండ్లు నా పళ్ళెంలోనే పెట్టుకున్నాను.

కొంతసేపటికి, "ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు" అంది.

"చెప్పు."

"ఉప్పు తక్కువ."

"ఈ పొద్దా?"

"మూడేండ్లుగా."

నేను తలెత్తాను. ఆమె నవ్వడం లేదు. "నాలిక మింద ఉప్పు తెలుస్తాది, పులుపు తెలుస్తాది, కారం, తీపి అన్నీ తెలుస్తాయి. వాసన వచ్చిందా అని తప్ప ఎట్లుండాదని ఒక్కరోజన్నా అడిగితివా?"

"నువ్వన్నా చెప్పొచ్చు కదమ్మే?"

"ఉప్పు తక్కువంటే, అదిగో తెలుస్తాండాది, ఇంక వాసన గూడా వస్తాదని మళ్ళీ నా మింద పడతావని."

నేను ముద్ద నోట్లో పెట్టుకుని, మూడేండ్లలో మొదటిసారి, నా నోట్లో ఏముందో చూసుకున్నాను. నిజమే. చప్పగా ఉంది. ఇన్నాళ్ళూ అదే ఉగ్గాని నేనూ తిన్నాను, ఆమె ముఖం చూస్తూ మింగాను తప్ప తినలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. ఆమె చిటికెడు తీసి తన పళ్ళెంలో వేసుకుంది, ఇంకో చిటికెడు నా పళ్ళెంలో వేసింది. ఇద్దరం కలుపుకుని తిన్నాం.

ఆమె పళ్ళెం ఖాళీ చేసి నా వైపు జరిపింది.

"ఇంకొంచెం ఉండాదా?" అంది.

నేను గరిటె పట్టినప్పటి నుంచి ఆమె మళ్ళీ పెట్టమని అడగడం అదే మొదలు. బాణలిలో ఉన్నదంతా గీకి పెట్టాను.